ఒక్కటే కాపీ

ఆ ఎండాకాలం మా అమ్మ దుబాయ్‌కి వచ్చింది, మా అన్నను వెతుక్కుంటూ. అన్న చనిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది.

కరోనా వచ్చిన మొదటి వేసవిలో అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో ఉండగా జ్వరం వచ్చి ఆసుపత్రిలో పోయాడు. శవాలను ఊళ్లకు పంపలేని రోజులవి. ఇక్కడే దహనం చేశారు. దుబాయ్‌లోనే ఉన్న నన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. ఇంటికి కాగితాలు వెళ్లాయి, అన్న సూట్‌కేసు వెళ్లింది. అమ్మ ఆ రెంటినీ నమ్మలేదు. "నేను సూడలే" అన్నది. ఆ మాట మీదే నిలబడింది. గోడ మీది ఫోటోకు దండ వేయనివ్వలేదు, బొట్టు పెట్టనివ్వలేదు. అమ్మ మాట కాదనలేక కల్పన వదిన మెట్టెలు తీయలేదు. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో దుబాయ్ పోయి ఏళ్ల తరబడి పత్తా లేకుండా ఉండి, ఒకనాడు బ్యాగుతో ఆటో దిగినవాళ్లు ఉన్నారు. అమ్మ ఆశంతా వాళ్ల మీదే.

చివరికి నేనే విజిట్ వీసా పెట్టి పిలిపించాను. వచ్చి చూసుకుంటే నమ్ముతుందనుకున్నాను. నేనుండేది అల్ కుసైస్‌లో మగవాళ్ల గది. అందుకని కరామాలో తెలిసిన తెలుగువాళ్ల హాల్లో పరదా కట్టి అమ్మకు మంచం వేయించాను. కొంగుకు వేములాడ రాజన్న కుంకుమ పొట్లం ముడేసుకుని దిగింది.

"ఇదెందుకమ్మా ఇంత దూరం?"

"పెద్దోడు దొరుకంగనే బొట్టు పెట్టాలె."

మర్నాడు సాయంత్రం క్యాంపు దగ్గరికి తీసుకెళ్లాను. కంపెనీ బస్సులు దిగే వేళ. ఎండ తగ్గింది గానీ వేడి తగ్గలేదు. టిఫిన్ డబ్బాలతో మనుషులు దిగుతున్నారు. అమ్మ గేటు పక్కన నిలబడి తెలుగు వినిపించిన ప్రతివాడినీ ఆపింది.

"ఏ ఊరు బిడ్డా?"

"కోరుట్ల, అవ్వ."

"గంగరాజం ఎరుకేనా? మా పెద్దోడు. షట్టరింగ్ పని."

అతను అమ్మ తల మీదుగా నా వైపు చూశాడు. నేను కళ్లు దించుకున్నాను. అతనికి అర్థమైంది. అర్థమయ్యాక మంచితనంతో ఒక మాట అన్నాడు.

"ఈడ లేడు అవ్వ. ఇంకో క్యాంపుల ఉన్నడేమో."

ఆ మాట పట్టుకుని అమ్మ జూన్ అంతా సాయంత్రాలు క్యాంపులు తిరిగింది. ఆమె వెనక నీళ్ల సీసా పట్టుకుని నేను తిరిగాను. ఒక చోట కళ్లు తిరిగి ఫుట్‌పాత్ మీద కూలబడింది. లేపితే లేవగానే అడిగిన మాట, "ఇంకెన్ని క్యాంపులున్నయిరా?"

"అమ్మా, అన్న లేడే."

"నువ్వు సూసినవా?"

నేను చూడలేదు. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను.

పగలు అమ్మను ఒంటరిగా వదల్లేక నాతోపాటే స్టూడియోకి తీసుకెళ్లేవాణ్ని. అల్ ఖూజ్‌లో గోడౌన్ల మధ్య, నయీమ్ భాయ్ స్టూడియో. ఆయనది బోధన్. పెద్ద కెమెరాతో ఫోటోలు తీసి, పత్తితో చేసిన మందపాటి కాగితం మీద గోడంత ప్రింట్లు వేసి, గ్యాలరీల ద్వారా అమ్ముతాడు. రంగులు సరిచూడటం, ప్రింటు తీయడం నా పని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్నే. ఆ ఫీజులు అన్న ఇక్కడి నుంచి పంపినవే. చదువుకున్న కొడుకు ఏం చేస్తున్నాడని ఊళ్లో ఎవరడిగినా అమ్మ "దుబాయ్‌ల ఫ్లెక్సీలు కొడ్తడు" అని చెప్పేది.

నయీమ్ భాయ్ ఆ మాట విని నొచ్చుకున్నాడు.

"అమ్మా, ఫ్లెక్సీ గాదమ్మా. ఫ్లెక్సీ అంటే ఎలక్షన్ ఖలాస్ కాంగనే చింపి గొడ్ల కొట్టం మీద కప్పుతరు. ఇది మునిమనుమల దాకా ఉంటది, రంగు పోదు."

"మరి ఎవలు కొంటలేరేంది కొడుకా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "అరె భూమేశ్ మియా, మీ అమ్మను గ్యాలరీకి పంపాలె. సీదా అసల్ బాత్‌కే వస్తది."

నవ్వాడు గానీ అసలు సంగతి అదే. కరోనా తర్వాత హోటళ్లు బొమ్మలు కొనడం మానేశాయి. రెండు ప్రింటర్లలో ఒకటి పోయింది. అద్దె వస్తుందన్న నమ్మకం లేక గోడౌన్ యజమాని ఆగస్టు తర్వాత స్టూడియో లైసెన్సు కాగితాల మీద సంతకం పెట్టనన్నాడు. స్టూడియో మూతపడితే నా వీసా పోతుంది. నేను ఊరికి వెళ్లాలి. ఊళ్లో అమ్మా, వదినా, వదిన కూతురూ తినే అన్నం నా జీతంతోనే వస్తోంది. ఇవి నాకు రోజూ నిద్ర లేవగానే గుర్తొచ్చేవి.

జూలైలో ఒక గ్యాలరీ మేడం వచ్చింది. గోడలకు ఆనించిన ప్రింట్లన్నీ చూసి పెదవి విరిచింది. కంప్యూటర్లో పాతవి చూపించమంది. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగింది.

అది అల్ ఖూజ్ క్యాంపు వాకిలి. కరోనా రాకముందు చలికాలంలో ఒక శుక్రవారం తీసింది. నయీమ్ భాయ్ కెమెరా వెనక ఫిల్మ్‌కు బదులు స్కానర్ ఉంటుంది. ఎదుట ఉన్నదాన్ని ఆ అంచు నుంచి ఈ అంచు దాకా గీత గీతగా చదువుకుంటూ పోతుంది. నిమిషాలు పడుతుంది. ఆలోపు కదిలినవాళ్లు మనుషుల్లా పడరు. ఎర్ర, పచ్చ, నీలం దారాలుగా సాగిపోతారు. ఆ రోజు వాకిట్లో బట్టలు ఆరేసేవాళ్లు, క్యారమ్స్ ఆడేవాళ్లు, ఫోన్లు మాట్లాడేవాళ్లు అందరూ దారాలైపోయారు. మధ్యలో ఒక్కడే మనిషి, కనురెప్ప వెంట్రుకలతో సహా. మా అన్న. "కదలకు" అని నేను చెప్పాను. చదువుకున్న తమ్ముడు చెప్పాడని చేతులు పక్కకు పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పక్కనుంచి దోస్తులు "గంగన్నా, వీసా ఫోటోనా? చెవులు కనవడాలె!" అని గేలి చేసినా పెదవి కదపలేదు.

అమ్మకు ఆ బొమ్మ నేనెప్పుడూ చూపించలేదు. చూస్తే ఇంకా గట్టిగా వెతుకుతుందని భయం. అందులో అంత బతికి ఉన్నాడు.

మేడం చెప్పిన షరతు ఒక్కటే. ఆమె దగ్గర కొనే ఆసామి ఈ బొమ్మ లోకంలో ఇంకెక్కడా ఉండకూడదంటాడు. ఒక్కటే కాపీ. ప్రింటు బాగుందని ఆమె ఒప్పుకున్నాక, ఆమె ఎదుటే ఫైలు చెరిపేయాలి. ప్రింటు మీద మచ్చ ఉండకూడదు. ఇది కుదిరితే సెప్టెంబరులో నయీమ్ భాయ్ బొమ్మలతో ప్రదర్శన పెడతారు. యజమానికి ఆ ఒక్క మాట చాలు.

ఆమె వెళ్లాక అడిగాను. "భాయ్, ఒక చిన్న కాపీ... నా కోసం?"

నయీమ్ భాయ్ కెమెరా లెన్సు తీసి తుడిచాడు.

"ఒక్కటి అన్నంక ఒక్కటే మియా. ఈ దందా మొత్తం గా మాట మీదనే నడుస్తది. నీకు ఒద్దనిపిస్తే చెప్పు, నేను మేడంకు నక్కో అంట. కసమ్, ఒట్టేసి చెప్తున్న."

వద్దనలేదు నేను. వద్దంటే ఆయనకూ నాకూ ఇంకో దారి లేదు.

ప్రింటు వేసే రోజు అమ్మను వెనక గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, బయటికి రావద్దని చెప్పాను. మా ప్రింటర్‌లో కాగితం చుట్ట వెడల్పు తక్కువ, బొమ్మ పొడుగు ఎక్కువ. అందుకని బొమ్మను అడ్డంగా తిప్పి వేస్తాం. నిలబడ్డ మనుషులు మా మిషన్లోంచి పడుకుని బయటికి వస్తారు. ఇన్నేళ్ల పనిలో అదొక వింతగా నాకెప్పుడూ తోచలేదు.

ముందు ఖాళీ గోడ వచ్చింది. తర్వాత దారాలు. నేను కాగితం అంచును రెండు చేతులతో పట్టుకుని, అది వంకర పోకుండా చూస్తున్నాను. వెనక గాజుల చప్పుడైంది.

"ఇవేందిరా, చీరె అంచులా?"

"అమ్మా, లోపలికి పో."

"కూసుండి కూసుండి నడుము పట్టింది."

ఆమెను పంపడానికి నా చేతులు ఖాళీ లేవు. మిషను ఆపితే ఆ గీత దగ్గర మచ్చ పడుతుంది. అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. తెల్లటి కాగితం మీద ముందు ఒక చెయ్యి వచ్చింది. మెల్లగా భుజం. తర్వాత అంగి, పక్కటెముకల దగ్గరి ముడత. తల ఒక అంచు వైపు, కాళ్లు ఒక అంచు వైపు, కొంచెం కొంచెంగా మా అన్న వెల్లకిలా పడుకుని బయటికి వస్తున్నాడు. ముఖం సగం వచ్చింది. ఒక కన్ను. ముక్కు. రెండో కన్ను.

అమ్మ అరుస్తుందనుకున్నాను. 'ఏడున్నడు, ఏ క్యాంపు' అని నన్ను పట్టుకుంటుందనుకున్నాను. అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నయీమ్ భాయ్ ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అన్న మొత్తం బయటికి వచ్చాడు. మోచేతి నుంచి వేలి కొసల దాకా ఎంతో, అంత పొడుగు.

"పుట్టిన్నాడు గింతనే ఉండె," అంది అమ్మ.

తర్వాత అడిగింది. "తల ఎటు దిక్కున్నదిరా?"

మాలో పోయినవాళ్లను ఏ దిక్కుకు తల పెట్టి పడుకోబెడతారో నాకు తెలుసు. స్టూడియో వాకిలి చూసి, బయటి రోడ్డు చూసి లెక్క వేసుకున్నాను.

"దక్షిణమమ్మా."

ఆమె వంగి ముఖమే చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం మేడం వచ్చింది. బల్ల మీద పరిచిన ప్రింటును భూతద్దంతో అంగుళం అంగుళం చూసి, "బాగుంది" అంది. కంప్యూటర్ దగ్గర కుర్చీ జరుపుకుని కూర్చుంది. నయీమ్ భాయ్ నన్ను పిలిచాడు. ఫైలు చెరిపేశాను. విడిగా దాచిన డిస్కు చెరిపేశాను.

"ఫోన్లలో?" అంది మేడం మర్యాదగానే.

నా ఫోన్లో అన్న ముఖం వరకు కత్తిరించుకున్న ముక్క ఒకటుంది. తీసి చూపించి, ఆమె ఎదుటే చెరిపేశాను. అమ్మ తలుపు దగ్గర కూర్చుని మమ్మల్ని చూస్తోంది. మేం చేస్తున్నదేమిటో ఆమెకు తెలియదు.

రంగు పూర్తిగా ఆరడానికి ప్రింటును ఒక రోజు బల్ల మీదే వదిలేయాలి. మర్నాడు పొద్దున ఫ్రేమ్ కట్టే మలయాళీ పికప్‌లో అద్దం తెచ్చాడు. దించడానికి నయీమ్ భాయ్, నేను కిందికి వెళ్లాం. అద్దం మోసుకుంటూ మెల్లగా మెట్లెక్కాం. పైకి వచ్చేసరికి ప్రింటు మీద కప్పిన పల్చటి కాగితం మడతపెట్టి పక్కన ఉంది. అమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి ఉంది.

అన్న నుదుటి మీద బొట్టు.

వేలు నీళ్లలో ముంచి పెట్టింది. ఆ కాగితం మీద పూత ఏమీ ఉండదు, తడి తగిలితే తాగేస్తుంది. ఊదితే పోయేది కాదు, తుడిస్తే ఇంకా పాకుతుంది. అద్దాన్ని గోడకు ఎట్లా ఆనించామో నాకు గుర్తు లేదు.

"అమ్మా!" అన్నాను. నా గొంతు విని నాకే భయం వేసింది. "ఏం జేసినవమ్మా? అది ఒక్కటే ఉన్నది. ఇంకోటి రాదు. మనం అయిపోయినమమ్మా!"

అమ్మ నా మీద కోపం చేసుకోలేదు. "పోయిండు గదరా," అంది, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. "పోయినోనికి బొట్టు పెట్టకుండ ఎట్ల పంపుతరు? ఇన్నొద్దులు నేను పెట్టలే."

నయీమ్ భాయ్ కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. మలయాళీ పని ఉందని చెప్పి కిందికి వెళ్లిపోయాడు. నయీమ్ భాయ్ తల ఎత్తకుండానే అన్నాడు.

"బ్రష్‌తోని కప్పొస్తదా మియా?"

కప్పవచ్చు. దుమ్ము పడి చుక్క మిగిలిన చోట ప్రింటర్ సిరాతోనే రంగు కలిపి, రెండు మూడు వెంట్రుకల బ్రష్‌తో పూడుస్తాం. అది నాకు బాగా వచ్చిన పని. కానీ మా అన్న నుదుటి మీది బొట్టు చెరపడం, అమ్మ చూస్తుండగా, రెండేళ్లకు ఆమె పెట్టిన దాన్ని... బ్రష్ చేతిలోకి తీసుకున్నాను. కలిపిన రంగు తెల్ల పళ్లెంలో ఉంది. అచ్చం అన్న ఒంటి రంగు. చెయ్యి ముందుకు పోలేదు.

"ఏందిరా?" అంది అమ్మ.

చెప్పాను. ఈ మచ్చ ఉంటే కొనరని. కొనకపోతే స్టూడియో ఉండదని, నేను ఊరికి రావాలని. బొట్టు మీద రంగు పూయాలని.

అమ్మ ప్రింటు వైపు చూసింది. తర్వాత నా చేతిలో బ్రష్ వైపు.

"మీదికెల్లి పుయ్యి కొడుకా," అంది. "లోపల ఉంటది గద."

పూశాను. ముందు మెత్తని రబ్బరుతో అద్ది పొడి తీశాను. ఎరుపు మీద ఒక్కొక్క చుక్కే, ఆరాక ఇంకో చుక్క. కుంకుమలోని పసుపు చుట్టూ పాకిన చోట రంగు మార్చి కలిపాను. నుదురు అంచున ఒక చెమట మెరుపు ఉంది, అది పోకూడదు. అమ్మ నా పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టింది, నా చెయ్యి కదలకూడదని. మధ్యాహ్నం దాటాక నయీమ్ భాయ్ దీపం దగ్గరికి జరిపి చూశాడు. మేడంకు ఫోన్ చేశాడు.

"ప్రింటు మీద ఒక చుక్క పడ్డది. మేమే సరిచేసినం. దాచిపెట్టి అమ్మేది లేదు. వచ్చి చూడండి. మీకు కనిపిస్తే తీసుకోకండి."

ఫోన్ ఆపుదామని ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. "కింద నా పేరు రాయాలె మియా."

మేడం మొహం ముడుచుకునే వచ్చింది. భూతద్దం తీసింది. ఖాళీ గోడ మీద చాలాసేపు వెతికింది. దారాల మీద వెతికింది. అన్న కాళ్లు, చేతులు, మెడ. భూతద్దం నుదుటి మీదికి వచ్చి ఆగింది. అమ్మ తలుపు దగ్గర కూర్చుని చేతులు జోడించింది, ఎవరికో తెలియదు. భూతద్దం జుట్టు మీదికి జరిగింది.

"ఎక్కడ?" అంది మేడం.

"మీకు కనిపించిందా?" అన్నాడు నయీమ్ భాయ్.

"లేదు."

"అయితే మీ ఇష్టం."

ఆమె మా ముగ్గురి ముఖాలూ చూసింది. అమ్మ ముఖం మీద కొంచెం ఎక్కువ సేపు చూసింది. భూతద్దం సంచిలో వేసుకుని, "సంతకం పెట్టండి" అంది. నయీమ్ భాయ్ పెన్సిల్ చెక్కుకుని, కింది అంచున పేరు రాశాడు.

ఎవరి ఇంటికి వెళ్లిందో మాకు చెప్పలేదు. అబూధాబీ వైపు అని మాత్రం విన్నాం. గోడౌన్ యజమాని సంతకం పెట్టాడు. నా వీసా నిలిచింది.

ప్రింటు మీద సంతకం పడ్డ రోజు సాయంత్రమే కరామాలో అమ్మ తలస్నానం చేసి వచ్చి పరదా వెనక మంచం మీద కూర్చుంది. కింది హోటల్లోంచి ఉల్లిగడ్డల తాలింపు వాసన వస్తోంది. "కల్పనకు ఫోన్ కలుపు" అంది. కలిపి స్పీకర్లో పెట్టాను.

"ఆఁ అత్తా. దొరికిండా?" అంది వదిన. రోజూ అడిగినట్టే అడిగింది.

"సూసిన బిడ్డా," అంది అమ్మ. "పోయిండు."

ఫోన్ కట్ అయిందేమోనని తెర చూశాను. కాలేదు.

"నిజంగ సూసినవా అత్తా?"

"నిజంగనే."

"ఏం అంగి ఏసుకున్నడు?"

అమ్మ తడబడింది. ముఖమే చూసింది తప్ప ఆమె అంగి చూడలేదు. "చిన్నోడా, నువ్వు చెప్పు," అని ఫోన్ నా వైపు తోసింది.

ఆ అంగి రంగు కుదర్చడానికి వారం రోజులు కూర్చున్నవాణ్ని. ఆ రంగు కంప్యూటర్ అంకెలు అడిగితే నిద్రలో కూడా చెబుతాను.

"పాలపిట్ట రెక్క రంగు, వదినా. కాలరు దగ్గర వెలిసింది."

"జేబుకు కుట్టున్నదా?"

ఉంది. మామూలు ఫోటోలో అయితే కనిపించేది కాదు.

"ఉన్నది. నల్ల దారం. నాలుగు కుట్లు, ఒకటి వంకరపోయింది."

"నీలం దారం దొరుకలే," అంది వదిన. "బస్సుకు టైమైతుందని తొందరపెట్టిండు..."

రెండేళ్లుగా మా ఇంట్లో ఎవరికీ ఏడవడానికి వీలు లేకపోయింది. వదిన ఏడుపు సన్నగా మొదలై, తర్వాత ఇక ఆగలేదు. పరదా అవతల టీవీ చప్పుడు ఎవరో తగ్గించారు. నాకు ఏం చెయ్యాలో తోచక ఫోన్ తీసుకోబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కట్ చెయ్యకు," అంది. "ఏడువనియ్యి."